ఎండలో నిలిపిన బండి

ఆఫీసులో అతన్ని అందరూ జ్వరం సారు అనేవారు. పెట్రోలు ఇంజనూ, ఇంట్లో చార్జింగు పెట్టుకునే బ్యాటరీ రెండూ ఉన్న కార్లకు బ్యాటరీ ఎంత ఉండాలి, ఇంజన్ ఎప్పుడు అందుకోవాలి అని లెక్కగట్టడం అతని పని. ఎవరు ఏ డ్రాయింగు తెచ్చినా ముందు బ్యాటరీ వేడెంతని అడిగేవాడు. ఆ శ్రద్ధను ఎవరూ తప్పుపట్టలేదు. అలాగని ఎవరూ పట్టించుకోనూ లేదు.

చెల్లెలి భర్త అతని కంపెనీ కారే కొన్నాడు. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఆ మాట కదిపాడు.

"బావగారూ, మీ బండికి మధ్యాహ్నం పూట కరెంటంటే గిట్టదా? నిండా చార్జింగున్నా ఎక్కగానే ఇంజన్ గుర్రుమంటుంది."

"ఎక్కడ పెడుతున్నారు?"

"ఆఫీసు బయట, ఎండలో. దానికి గొడుగు పట్టమంటారా?"

చెల్లెలు నవ్వింది. అతను నవ్వలేదు. మర్నాడు మధ్యాహ్నం వెళ్లి కొలిచాడు. బండి కదలకముందే బ్యాటరీ నలభై ఆరు డిగ్రీలుంది. అంత వేడిలో దాన్ని కాపాడడానికి బండి తనంతట తానే ఇంజన్‌ను లేపుతుంది. అయినా బ్యాటరీ ఆయుష్షు తరుగుతూనే ఉంటుంది.

అతని లెక్కలో మాత్రం ప్రతి ప్రయాణమూ ఇరవై ఐదు దగ్గర మొదలయ్యేది. పరీక్షకు ముందు కారును చల్లని గదిలో గంటల తరబడి ఉంచడం అక్కడి ఆనవాయితీ. ఆ గది వేడి ఇరవై ఐదు. ఈ విభాగానికి వచ్చిన కొత్తలో, ప్రస్తుతానికి ఇది చాలులే అని ఆ అంకె వేసింది అతనే. తర్వాత మూడు మోడళ్లు దాని మీదే లేచాయి. నాలుగోది సంతకానికి వచ్చి ఉంది.

మూడు వారాలు కూర్చుని లెక్క తిరగగట్టాడు. బ్యాటరీని కొంత తగ్గించి, మిగిలిన చోటులో బండి నిలిచి ఉన్నప్పుడూ చల్లబరిచే ఏర్పాటు పెడితే, బ్యాటరీ ఆరేళ్లకు బదులు పదేళ్లు వస్తుంది. కాగితాలు పట్టుకుని విభాగాధిపతి గదికి వెళ్లాడు.

"విడిభాగాలు పోతపోసే అచ్చులు కూడా తయారైపోయాయి కదయ్యా. ఇప్పుడా చెప్పడం?"

"ఇప్పుడే తెలిసింది సార్."

"ఆ ఇరవై ఐదు ఎవరు పెట్టారు?"

"నేనే."

"మరి నిన్ను అప్పుడు నమ్మాలా, ఇప్పుడు నమ్మాలా?"

అది ఎగతాళి కాదు; ఆయన నిజంగానే అడిగాడు. తప్పు చేసినవాడికి దాని లోతు తెలిసినంతగా మరొకరికి తెలియదు. కాని దానికి సాక్ష్యం చెప్పే అర్హత అందరికంటే ముందు పోయేదీ అతనికే.

"పోనీ, ఈ ఒక్కదాని మీద నా పేరు వద్దు సార్."

"నువ్వు చేయకపోతే ఇంకొకరు చేస్తారు. వాళ్లు వేడెంతని అడగను కూడా అడగరు. తర్వాతి మోడల్లో చూద్దాంలే."

తర్వాతి మోడలుకు ఆరేళ్లు పడుతుంది. అతనికి మిగిలిన ఉద్యోగం నాలుగేళ్లు.

కొత్త లెక్కను పక్కకు జరిపి, బల్ల మీద సంతకానికి ఉంచిన పాత లెక్క కాగితాన్ని ముందుకు లాక్కున్నాడు. సంతకం పెట్టాడు. ఎప్పటిలాగే అక్షరాలు పొందికగా పడ్డాయి. విభాగాధిపతి కాగితం అందుకుని, సంతకం చూసి తలాడించి, సంచీలో పెట్టుకున్నాడు.