పుదీనా తొట్టిలో ఆవాలు

మా నాన్నకి ఫోనులో మాట్లాడటం రాదు. "తిన్నావా? ఒంట్లో బాగుందా? ఇదిగో, అమ్మకిస్తున్నా" అనేసి ఫోను అమ్మ చేతిలో పెట్టేసేవాడు. నేను ఉద్యోగానికి రాజమండ్రి వెళ్ళినప్పటినుంచీ ఇదే వరస. ఏడాదికి ఒక్కసారి మాత్రం, ఎండాకాలంలో, తనే నెంబరు నొక్కి చేసేవాడు.

"ఆవాలొచ్చాయమ్మా!"

"పైకొస్తున్నాయా, అడుగునే తిరుగుతున్నాయా?" అని నేను అడగాలి. ఆయనకి తెలియక కాదు. అయినా "ఉండు, చూసొస్తా" అని ఫోను పిట్టగోడ మీద పెట్టి వెళ్ళేవాడు. మా తిరువూరు బస్సుల హారన్లు, పక్కింటి మేకల అరుపులు, మా తమ్ముడి మీద అమ్మ కేకలు, అన్నీ నా చెవిలో పడేవి. ఆయన తిరిగొచ్చేదాకా నేను పని ఆపేసి కూర్చునేదాన్ని.

మాది ట్రాక్టర్ల ఇల్లు. చెరువులెండగానే పూడిక మట్టి తవ్వించి రెడ్డిగూడెం మామిడి తోటలకి తోలడం నాన్న వేసవి పని. ఏ చెరువు మట్టి పడితే ఆ చెరువు మట్టి తోలేవాడు కాదు. ముందు ఒక పెళ్ళ ఇంటికి తెచ్చి, పాత సత్తు బేసిన్లో వేసి, నీళ్ళు పోసి డాబా మీద పెట్టేవాడు. కొన్నాళ్ళకి ఆ నీళ్ళలో ఆవగింజలంత పురుగులు గిరగిరా తిరగడం మొదలయ్యేది. వాటికి మా ఇంట్లో ఆవాలని పేరు. అవి వస్తే మంచి మట్టి, రాకపోతే చౌడు. ఆ లెక్క నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. రైతులు మాత్రం నమ్మేవారు. నేనైతే బడి నుంచి రాగానే పుస్తకాల సంచి గుమ్మంలోనే పడేసి డాబా ఎక్కేదాన్ని.

తరవాత కాలేజీలో తెలిసింది, అవి రొయ్యలకీ పీతలకీ దూరపు చుట్టాలని. గవ్వలాగా రెండు చిప్పలు, వాటి మధ్య కాళ్ళు ముడుచుకున్న ఓ బుల్లి ప్రాణి. చెరువెండితే అది పోతుంది గాని దాని గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి పడి ఉండి, తడి తగలగానే లేస్తాయి. చిప్పలేమో మట్టితోపాటే రాయి అవుతాయి. నేలలో లోతుగా బోరు వేసినప్పుడు పైకొచ్చే రాతి ముక్కల్ని నానబెట్టి, జల్లెడపట్టి, తడి కుంచె కొనతో ఆ చిప్పల్ని ఒక్కొక్కటే ఏరడం నా ఉద్యోగం. వాటిని బట్టి ఆ పొర ఏ కాలానిదో చెప్పొచ్చు.

"మట్టి తోలే ఇంట్లో పుట్టి మట్టి కడిగే ఉద్యోగమా!" అని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఒకసారి చుట్టాల నిఖాకి వచ్చి నాన్న మా ల్యాబు చూశాడు. మైక్రోస్కోపులో కన్ను పెట్టి చాలాసేపు కదల్లేదు. "మనవేనే ఇవి!" అన్నాడు. కోట్ల ఏళ్ళ నాటివని చెప్పాను. ఆయన తలెత్తి, మా సారు వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"తడిపి చూశారా అండి?"

అందరం పగలబడి నవ్వాం. నాన్న కూడా నవ్వేశాడు. కానీ బస్సు ఎక్కేముందు నన్ను పక్కకి పిలిచాడు. "నవ్వితే నవ్వారు గాని, ఒక్కసారి చూడమ్మా. పోయేదేముంది?"

నలుగురికీ చెప్పుకునే సంగతి కాదు గాని, ఎవరూ లేనప్పుడు ఒక చిప్పని గాజు గిన్నెలో నీళ్ళలో వేసి పెట్టాను. వారం చూశాను. రాయి రాయిలాగే ఉంది. ఫోను చేసి "రాలేదు నాన్నా" అంటే, "పోనీలే, ఆ ఊరి నీళ్ళు పడలేదేమో" అన్నాడు.

కిందటేడాదికి ముందు ఏడు, చలికాలంలో, నాన్న పోయాడు.

నలభయ్యో రోజు ఫాతెహా అయ్యాక బీరువా మీద బిస్కెట్ల డబ్బా ఒకటి దొరికింది. మూత తీస్తే పెనుగొలను వైపు చెరువు మట్టి, ఎండి బీటలు వారిన పెళ్ళలు. మరుసటి వేసవిలో తడుపుదామని దాచుకున్నాడు. దాన్ని నేను రాజమండ్రి తీసుకెళ్ళలేకపోయాను. అది ఆ ఇంట్లో ఉండాల్సిందే అనిపించింది. తడపనూ లేకపోయాను. తడిపాక ఏమీ రాకపోతే? ఆయన మట్టి కూడా నా బల్ల మీది రాళ్ళలాంటిదే అయిపోయి ఉంటే? మూత పెట్టినంతకాలం అందులో ప్రాణం ఉన్నట్టే గదా అనుకున్నాను. చదువుకున్నదాన్ని, నాకే నవ్వొచ్చింది. అయినా "ఆ డబ్బా ఎవరూ ముట్టుకోకండి" అని ఇంట్లో గట్టిగా చెప్పి వచ్చాను. రెండు వేసవులు అలాగే గడిచాయి. ఆ ఫోను మాత్రం రాలేదు. రాదని తెలిసీ ఎండలు ముదిరేకొద్దీ ఫోను వైపు చూసుకునేదాన్ని.

మొన్న బక్రీదుకి ఇంటికెళ్ళాను. వంటింట్లో ఏలకుల కోసం చెయ్యి చాపితే ఆ డబ్బా తగిలింది. తళతళా తోమి ఉంది. లోపల లవంగాలు.

"ఇందులో మట్టేదమ్మా?"

"పండక్కి ఇల్లు దులుపుతూ పుదీనా తొట్టిలో పోశా. చెట్టుకి బలమని."

"ముట్టుకోవద్దన్నానా!"

"మట్టిని డబ్బాలో పెట్టి పూజ చేస్తావేంటే? మీ నాన్న జన్మంతా తోటలకి తోలిన మట్టేగా అది!"

నాకు ఒళ్ళు మండిపోయింది. పండగపూట అమ్మతో నానా మాటలూ అన్నాను. అమ్మ మాంసం కడుక్కుంటూ కూర్చుంది. బిరియానీ ముట్టుకోలేదు. డాబా ఎక్కి చూస్తే, పాత రంగు డబ్బాలో పుదీనా, దాని మొదట్లో పరిచిన నల్లమట్టి. ఏరుకుందామన్నా ఏరేలా లేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కేశాను. అమ్మ టిఫిను కట్టిస్తే తీసుకున్నాను గాని సరిగ్గా మొహం చూడలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. నాన్న రెండోసారి పోయినట్టనిపించింది.

తరవాత వానలు పట్టాయి. తిరువూరులో నాలుగు రోజులు ముసురని తమ్ముడు చెప్పాడు. నేను అమ్మకి ఫోను చెయ్యడం మానేశాను. అమ్మా చెయ్యలేదు. మొండితనంలో ఇద్దరం ఒక్కటే.

ఒకరోజు కుంచె పట్టుకుని చిప్పలేరుతుంటే ఫోను మోగింది. అమ్మ.

"నీ మట్టి దెబ్బకి పుదీనా అంతా కుళ్ళిపోయింది" అంది ఎత్తుకోవడమే. "ఒండ్రు కరుచుకుని తొట్టి చిల్లి పూడుకుపోయింది. ఇంతెత్తున నీళ్ళు నిలిచాయి."

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

అమ్మ గొంతు తగ్గించి, అలవాటు లేని మాట పలికినట్టు నెమ్మదిగా అంది.

"ఆవాలొచ్చాయే."

నేను కుంచె బల్ల మీద పెట్టేశాను.

"వింటున్నావా? నువ్వు ఉద్యోగానికి వెళ్ళిపోయాక బేరాలున్నా లేకపోయినా ఆయన ఏటా బేసిన్ పెట్టేవారు. ఎందుకండీ అంటే, 'పిల్లతో మాట్లాడ్డానికి నాకింకేం తెలుసే' అనేవారు." అమ్మ ముక్కు ఎగబీల్చింది. "నాకేమో ఈ పురుగుల సంగతి తెలీదు. ఆయన్ని నువ్వేదో అడిగేదానివిగా, అడుగు."

"పైకొస్తున్నాయా అమ్మా, అడుగునే తిరుగుతున్నాయా?"

"ఉండు, చూసొస్తా" అంది.

ఫోను పిట్టగోడ మీద పెట్టిన చప్పుడయింది. బస్సు హారను వినిపించింది, పక్కింటి మేక అరిచింది. అమ్మ తిరిగొచ్చేదాకా నేను పని ఆపేసి కూర్చున్నాను.