పచ్చి ఈక

బూర్గంపాడు అవతల, అడవి అంచు తండాలో కోడి గోడ దూకిందంటే కబురు రెక్కలు కత్తిరించే బాలి దగ్గరికే వెళ్తుంది. మాటల్లో ఈకకు ఈక, తోకకు తోక పీకే మనిషే గానీ, కోడి రెక్క మీద ఒక్క ఈక ఎక్కువ కోయదు. ఎగరడానికి పనికొచ్చే పెద్ద ఈకలు, అవీ ఒక్క రెక్కవే కత్తిరిస్తుంది. అప్పుడు ఎగరబోయిన కోడి ఒక పక్కకు ఒరిగి కిందపడుతుంది. మలుపు తిప్పే తోక జోలికి పోదు. వీపు మీది ఈకలు వానకు కప్పు, వాటినసలు ముట్టదు.

ఆ సాయంత్రం పట్టుకున్నది సొంత పిల్లల కోడినే. పిల్లల్ని వదిలి గోడ దూకి మక్కచేలోకి పోతోంది. అక్కడ అడవిపిల్లి తిరుగుతోంది. పైన వాన ముసురుకొస్తోంది. బాలి కోడిని ఒళ్లో అదిమిపట్టి, రెక్క విప్పి కత్తెర ఆడించింది. వేళ్లకు వెచ్చగా తగిలింది.

నెత్తురు!

పొదిగిన కోడికి పాత ఈకలు రాలి కొత్తవి మొలుస్తాయి. మొలిచే ఈక మొదట్లో నెత్తురుతో నల్లగా ఉంటుంది. అది ఎండి తెల్లబడ్డాకే కత్తెర పెట్టాలి. తండాకంతా ఈ ముక్క నేర్పింది బాలే. ఆమే పచ్చి ఈక కోసింది.

పసుపు అద్దింది, ఆగలేదు. గుడ్డ చుట్టింది, తడిసిపోయింది. గంప కింద పిల్లలు కీచుమంటున్నాయి. వాటి ఒంటి మీద ఉన్నది నూగే. నూగు వెచ్చగా ఉంచుతుంది గానీ తడిస్తే ముద్దయిపోతుంది. తల్లి ఈకల కింద దూరకపోతే ఈ వానకు ఒక్కటీ మిగలదు. తెగిన ఈకను మొదలంటా పీకితేనే నెత్తురు ఆగుతుంది. కానీ ఏ ఈక? బాలి కళ్ల ముందు అంతా పాల మీగడ కప్పినట్టుంది.

బస్సు దిగి వచ్చిన కోడలు సంగీత గుమ్మంలోనే ఆగింది. "ఏంది అత్తా, గా నెత్తురేంది?"

"ఏం లేదు, నువ్వు లోపలికి పో."

కళ్లకు పొర వచ్చింది, భద్రాచలం దవాఖానాకు పోదామని సంగీత ఎండాకాలం నుంచి చెబుతూనే ఉంది. "కోడి ఈక కనవడేదానికి నీ మొహం కనవడదానే?" అని బాలి నోరు మూయించేది. చూపు పోయిందంటే తండాలో ఇంకెవరు కోడి చేతికిస్తారు? ఆ భయం ఆమెను లోలోపల తినేస్తోంది.

కోడి మెడ వాల్చేసింది.

"సంగీతా, ఇటు రా." బాలి కోడి రెక్క విప్పి పట్టింది. "నాకు కనవడ్తలేదు బిడ్డా. నల్లగున్న మొదలు చూడు. తోలు దగ్గర పట్టి, ఒక్క గుంజుడు గుంజు."

సంగీత వేళ్లతో పట్టుకుని, భయంతో కళ్లు గట్టిగా మూసుకుంది.

"కండ్లు తెరువే! మనిద్దరిలో చూసేది నువ్వొక్కదానివే!"

సంగీత గుంజింది. కోడి కెవ్వుమంది. బాలి పసుపు పెట్టి బొటనవేలితో అదిమింది. చాలాసేపటికి వేలి కింద తడి ఆగింది.

కోడిని గంప కింద పెట్టేసరికి వాన దంచికొట్టింది. పిల్లలు తల్లి కిందికి దూరుతుంటే బాలికి కనబడలేదు. చెవి ఒగ్గి కూర్చుంది. ఒక్కొక్క కీచూ సద్దుమణిగింది. అప్పుడు కత్తెర తీసి కోడలి చేతిలో పెట్టింది.

"భద్రాచలం బస్సు పొద్దుగాల ఎప్పుడే?"