లోపల కూడా వేసిన రంగు

అన్నయ్య పెట్టెకు అమ్మ ఆకుపచ్చ రంగు వేసింది. బయట రెండు పూతలు, లోపల రెండు పూతలు. మా ఇంట్లో రేకుతో చేసింది ఏదైనా అంతే. మిరపకాయలు నిలవుండే ఇంట్లో రేకు ఊరికే తుప్పు పడుతుందని అమ్మ నమ్మకం. ట్రంకుపెట్టె, బియ్యం డబ్బా, చివరికి నా జామెట్రీ బాక్సు కూడా లోపల రంగు పడ్డాకే వాడకానికి వచ్చాయి.

ఆ పెట్టె గిటారు కోసం. గిటారు నుంచి వచ్చే వైరు అందులోకి వెళ్లి, అక్కణ్ణించి ఆంప్లిఫయర్‌కు వెళ్తుంది. పెట్టె మీదున్న మీట తిప్పితే శబ్దం గాలికి దీపం ఊగినట్టు ఊగుతుంది. దీన్ని ట్రెమోలో అంటారని ఓ ఎలక్ట్రానిక్స్ పత్రికలో వచ్చింది. అన్నయ్య పదో తరగతి తప్పి, చీరాలలో రేడియోలు బాగుచేసే కొట్లో చేరాడు. ఇంగ్లీషు చదవలేడు. గుంటూరులో బీఎస్సీ చదువుతున్న నేను సెలవులకు వచ్చినప్పుడు ఆ వ్యాసం వాక్యం వాక్యం చదివి తెలుగులో చెప్పాను. నలుగురిలో నోరు విప్పడానికి చచ్చేంత సిగ్గు నాకు. అన్నయ్యకు చదివి చెప్పేటప్పుడు మాత్రం గొంతు బాగానే పెగిలేది.

పోయిన కోత పండుగకు మా ఏసుప్రభువు గుడిలో ఒక్క పాటకు గిటారు వాయించడానికి పాస్టరు అయ్యగారు ఒప్పుకున్నారు. సంఘ పెద్దలకు ఇష్టం లేదు. "గిటారేంటండీ, సినిమానా?" అన్నారు. "ఒక్క పాట విందాం. బాగుంటే ప్రతి ఆదివారం, లేకపోతే లేదు" అని అయ్యగారు తేల్చేశారు. అన్నయ్యకు ఆ ఒక్క పాటే దిక్కు.

పండుగకు ముందు శుక్రవారం, ఆ వ్యాసం ప్రకారం తను చేసిన సర్క్యూట్‌ని పెట్టెలో బిగించాడు. గిటారు వైరు పెట్టాడు, పెట్టె నుంచి ఇంకో వైరు మా పాత రేడియో వెనక గ్రామఫోను తగిలించే రంధ్రాల్లో పెట్టాడు. తీగ మీటాడు. చప్పుడు లేదు. రేడియో మాత్రం సన్నగా జుంయ్ మంటోంది.

"బ్యాటరీ చూడు" అన్నాను. నాలిక మీద పెట్టుకుని మొహం చిట్లించాడు. బ్యాటరీ మంచిదే. సర్క్యూట్‌ని బయటికి తీసి, తీగలు చేత్తో కలిపి పట్టుకుంటే గిటారు చక్కగా ఊగుతూ పలికింది. మళ్లీ పెట్టెలో పెడితే మూగ.

"లోపల పెట్టేటప్పుడు ఎక్కడో టాంకా అతుకు ఊడుతోంది" అని అన్నయ్య టాంకా కడ్డీ వేడి చేశాడు. ఒక్కో అతుకూ మళ్లీ కరిగించాడు. మళ్లీ బిగించాడు. మూగ. మళ్లీ తీశాడు, పలికింది. మూడోసారి కడ్డీ అందుకుంటే నాకు భయమేసింది. ఇంకా వేడి తగిలితే ట్రాన్సిస్టర్ మాడిపోతుంది.

అమ్మ పక్కనే కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. "మెల్లిగా, అబ్బాయ్. రంగు గీసుకుపోద్ది. లోపల కూడా ఎంత నున్నగా వేశానో చూడు."

చూశాను. అప్పుడు అర్థమైంది. బ్యాటరీ మైనస్ తీగ ఒక బోల్టు కింద ఉంది, సర్క్యూట్ ఎర్త్ తీగ ఇంకో బోల్టు కింద ఉంది. ఆ రెంటికీ మధ్య తీగ లేదు. పెట్టె రేకే తీగ. అలాగని వ్యాసంలో రాసిన వాక్యం నేనే చదివి వినిపించాను. ఇప్పుడా రేకు మీద, బోల్టు రంధ్రాల అంచులతో సహా, అమ్మ రంగు ఉంది. కరెంటు అందులోంచి పోదు.

నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయింది. ఆ మధ్యే గిటారు తీగలు తుప్పు పడతాయని అమ్మ వాటికి కొబ్బరినూనె రాసింది. అన్నయ్య ఇల్లెగిరిపోయేలా అరిచి, ఆ వారమంతా అమ్మతో మాట్లాడలేదు. అమ్మ వాడికి కంచం పెట్టి పక్కకి తప్పుకోవడం నేను చూశాను.

"అమ్మా, కాసిని మంచినీళ్లు తేవా" అన్నాను. అమ్మ లేచి వెళ్లగానే పెట్టె లాక్కుని, బోల్టులు వదులు చేసి, బ్లేడుతో రెండు చోట్లా రంగు గీకేశాను. అన్నయ్య మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి ఉన్నాడు. వాడొచ్చేసరికి బిగించేసి, "ఇప్పుడు మీటు" అన్నాను.

పలికింది.

"ఏం చేశావే?"

"బోల్టు లూజుగా ఉంది."

"ఓస్, ఇంతేనా! దీనికి పొద్దుటి నుంచీ చంపింది!" అని నా జడ పట్టి లాగాడు. నీళ్ల చెంబుతో వచ్చిన అమ్మ గుమ్మంలోనే నిలబడి విని నవ్వింది. వాళ్లిద్దరి నవ్వు మధ్య కూర్చుని ఆ నీళ్లు తాగాను. ఆ రాత్రి డైరీ తెరిచి, తేదీ వేసి, ఏమీ రాయలేక మూసేశాను.

ఆదివారం గుడి నిండా పంట. మిరప బస్తాలు, పత్తి మూటలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. బ్యాటరీ అయిపోతుందని అన్నయ్య ఇంట్లో మళ్లీ వాయించి చూడలేదు. ప్రసంగం అయ్యాక గిటారు మెళ్లో వేసుకుని ముందుకెళ్లి, పెట్టెను మైకు సెట్టుకు తగిలించి, అయ్యగారి వైపు చూసి తలూపి, మీటాడు.

వేళ్లు కదులుతున్నాయి. శబ్దం లేదు. మీట తిప్పాడు. వైరు పీకి పెడితే ఢబ్ మంది, ఓ కోడి అరిచింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఏరా, వాయిస్తున్నావా, మౌన ప్రార్థనా?" ముందు బెంచీలోంచి ఓ పెద్దాయన. మగవాళ్ల వైపంతా నవ్వు. అయ్యగారు హార్మోనియం వైపు చెయ్యి ఊపారు. ఎప్పటి పాటే, ఎప్పటి హార్మోనియంతో మొదలైంది. పాడుతున్న జనం మధ్య నుంచి అన్నయ్య పెట్టె చంకలో పెట్టుకుని తల వంచుకుని బయటికి వెళ్లాడు.

పక్కన అమ్మ నా చెవిలో అంది. "పాపం, ఎంత ముచ్చటపడ్డాడో. నిన్న సాయంత్రం మూత తీసి చూస్తే లోపల బోల్టుల దగ్గర రంగు లేచిపోయి ఉందే. గుడికి తీసుకెళ్లే వస్తువు గదా అని విప్పి, మళ్లీ రంగేసి, ఆరాక బిగించాను కూడానూ."

పాట పుస్తకం చేతిలో ఉంది. దాన్ని పక్కన పెట్టేశాను. అమ్మ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్లాను.

అన్నయ్య గుడి వెనక చేతిపంపు గట్టు మీద పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను నిలబడే చెప్పాను. రంగు సంగతి, బ్లేడు సంగతి, బోల్టు లూజని చెప్పిన సంగతి. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. లోపల కానుకల వేలం మొదలైంది. ఎవరో కోడిపుంజు ధర పాడుతున్నారు.

అన్నయ్య అరవలేదు. "రెండు మాటలు. శుక్రవారం రెండు మాటలు చెబితే అయిపోయేది. ఊరంతా..." అని ఆగిపోయాడు.

"అమ్మని అంటావని..." అన్నాను.

అప్పుడు అమ్మ నా వైపు తిరిగింది. "అంటే అంటాడు. వాడి అరుపులు నాకు కొత్తా? అరిచి, అన్నం తిని, పడుకునేవాడు. నేను మళ్లీ రంగు జోలికి పోయేదాన్ని కాదు. నేనేమన్నా పగిలిపోయే గాజు గ్లాసునా?"

అమ్మ గొంతు పెంచలేదు. నాతో అమ్మ అలా మాట్లాడ్డం అదే మొదటిసారి. అన్నయ్య లేచి, మమ్మల్ని రమ్మనకుండా, చెరువు కట్ట వైపు దారి పట్టాడు. వెనకాలే అయ్యగారు బయటికి వచ్చి, "వచ్చే ఏడు చూద్దాంలే అమ్మా, హార్మోనియం ఉంది గదా" అన్నారు. అమ్మ "అలాగేనండి" అంది.

ఇంటికొచ్చాక అమ్మ మిరపకాయల కుప్ప ముందు కూర్చుంది. నేనూ ఎదురుగా కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టాను. గుప్పెడు కాయలు నా ముందుకు తోసి అంది.

"సరే, ఇప్పుడు చెప్పు. రంగులోంచి కరెంటు ఎందుకు పోదు?"

నాకు తెలిసినంతలో చెప్పాను. తీగల మీద ప్లాస్టిక్ తొడుగు ఎందుకుంటుందో, రేకుకి రంగు కూడా అలాంటి తొడుగే ఎలా అవుతుందో. అమ్మ మధ్య మధ్యలో అడిగింది. "మరి ఇస్త్రీపెట్టెకి రంగు వెయ్యొచ్చా?" అని అడిగింది. "ఎంత గీకితే సరిపోద్ది?" అని అడిగింది. అన్నీ చెప్పాను. అన్నయ్యకు చదివి చెప్పిన రోజుల్లో అమ్మ ఆ పక్కనే ఉండేది. ఒక్క ముక్కైనా అమ్మ వైపు తిరిగి చెప్పాలని నాకు తోచలేదు.

అంతా విని అమ్మ చేతిలో కాయ తొడిమ తుంచి కుప్పలో వేసింది.

"ఏం కష్టం ఉందే ఇందులో, నాకు అర్థం కాకపోవడానికి?" అంది.

నేను ఇంకో కాయ అందుకున్నాను. వీధిలో చెప్పుల చప్పుడైతే ఇద్దరం తలెత్తి చూశాం. అన్నయ్య కాదు.