ముక్కుపుడక వేయుచున్నందున

ఆ రోజుల్లో బడిలో డ్రాయింగు మాస్టరంటే బొమ్మలు వేసేవాడని ఎవరూ అనుకునేవారు కాదు. హాజరు పట్టీలకు గీతలు కొట్టాలన్నా, సర్టిఫికెట్ల మీద పేర్లు రాయాలన్నా, మరుగుదొడ్డి తలుపు మీద 'బాలికలు' అని రాయాలన్నా నన్నే పిలిచేవారు. కోడుమూరు దగ్గర పల్లెలో అది నా మొదటి ఉద్యోగం. నేనేమో మెడ దాకా జుట్టు పెంచి, భుజాన గుడ్డసంచి వేసుకుని, ప్రపంచం నన్నింకా గుర్తించలేదని బాధపడుతూ తిరిగేవాణ్ణి. (ప్రపంచం సంగతి దేవుడెరుగు, జీతాల పట్టీలోనే నా పేరు రెండు నెలలు రాలేదు.)

రెండేళ్లకు కర్నూలులో ఒక చిత్రకళా ప్రదర్శనకు బొమ్మలు పంపమని ప్రకటన వచ్చింది. ఆరడుగుల గుడ్డ మీద, వేరుశనగ చేలో వరుసగా కూర్చుని బుడ్డలు కోస్తున్న ఆడవాళ్లను వేశాను. వరుసలో మొదటి మనిషి మా బడి గేటు దగ్గర ఉడకబెట్టిన బుడ్డలమ్మే అక్క. ఆమెను అందరూ బుడ్డలక్క అనేవారు. కాన్వాసు మా ఊళ్లో దొరకదు కాబట్టి, బడి బ్యానర్లకు గుడ్డ తెచ్చే అంగట్లోనే నా గుడ్డా కొన్నాను. ఇక్కడే కొంప మునిగింది.

బొమ్మ ఇవ్వాల్సిన ఆఖరి రోజునే మా బడికి తనిఖీ పడింది. ముందురోజు పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు, నాచేత స్వాగతం బ్యానరు రాయించాడు. రెండు చుట్టలూ ఒకే రకం గుడ్డ, ఒకే రకం కాగితంలో చుట్టి స్టాఫ్ రూములో పెట్టాను. పొద్దున్నే ఒకటి చంకలో పెట్టుకుని బస్సెక్కాను. కర్నూలులో బల్ల ముందు కూర్చున్న ఇద్దరు పెద్దమనుషుల ఎదుట, ఊపిరి బిగబట్టి దాన్ని విప్పాను. 'సుస్వాగతం' అని ఎర్రటి అక్షరాలు మెరిశాయి.

"మాకేనా సార్ స్వాగతం? శానా సంతోషం" అన్నాడు అందులో ఒకాయన. సాయంత్రం ఐదు లోపల అసలు బొమ్మ తెస్తానని బతిమాలి, వచ్చిన దారినే పరుగెత్తాను.

మధ్యాహ్నం బడి చేరేసరికి నా బొమ్మ గేటు మీద వేలాడుతోంది. దాని కింద ఊరి ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఒకరినొకరు వేలు పెట్టి చూపించుకుంటున్నారు. అటెండరు పొద్దున్నే కాగితం విప్పి, ఎందుకో ఏమిటో అడక్కుండా కట్టేశాడు. తనిఖీకొచ్చిన అధికారి అది వ్యవసాయ శాఖ వాళ్ల ప్రకటన అనుకుని, "బడికి ఇదెందుకు?" అని అడిగి వెళ్లిపోయాడట.

"ఏమప్పా, ఏ చుట్టలో ఏముండాదో చూసుకునే పన్లేదా?" అని పెద్దసారు నా మీద పడ్డాడు. నేను నిచ్చెన తెచ్చి వేశాను. మూడు గంటల బస్సు అందుకుంటే ఇంకా నా కల బతికే ఉంటుంది. ముడి మీద చెయ్యి వేశానో లేదో, కింద నుంచి బుడ్డలక్క కేక వేసింది.

"సారూ, బొమ్మ శానా బాగుండాది. నా ముక్కుపుడక యాడబోయె?"

"మరిచిపోయినా అక్కా. ఇప్పుడు టైము లేదు, కర్నూలుకు పంపాల."

"ముక్కుపుడక లేకుండా నేను కర్నూలుకు పోయేదెట్లప్పా?"

ఆ మాటకు నా కాళ్లు నిచ్చెన మీదే ఆగిపోయాయి. నా బొమ్మను అంత శ్రద్ధగా చూసిన మొదటి మనిషి ఆమె. కుంచె, రంగులు తెప్పించాను. అటెండరు తనిఖీకి తెచ్చిన కుర్చీలు తిరిగివ్వడానికి పోయాడు కాబట్టి, నిచ్చెన పెద్దసారే పట్టుకున్నాడు. "ఇంకొంచెం కిందికి సారూ", "రాయి ఎర్రది, మరిచిపోవాకు" అని ఆమె చెబుతూ ఉంటే వేస్తూ పోయాను. మూడు గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. ఏడుపొచ్చినంత పనైంది. కిందకు దిగితే పెద్దసారు ఇంకా తల ఎత్తి బొమ్మనే చూస్తున్నాడు.

"ఇంత పని నీ చేతిలో ఉండాదని తెల్దప్పా. రెండేండ్లు నీతో గీతలు కొట్టిస్తాండా" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత తన గదిలోకి వెళ్లి, నిర్వాహకులకు స్వహస్తాలతో ఉత్తరం రాసి ఇచ్చాడు. "మా పాఠశాల చిత్రకారుడు సదరు చిత్రమందలి స్త్రీకి ముక్కుపుడక వేయుచున్నందున ఆలస్యమైనది. కావున మన్నించి స్వీకరించగలరు." కింద ఊదా రంగులో గుండ్రటి సీలు.

చిత్రకారుడు! సర్కారు కాగితం మీద, సీలుతో సహా! ఆ రాత్రి ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు.

మర్నాడు కర్నూలులో ఆ పెద్దమనుషులు ఉత్తరం చదివి పడీపడీ నవ్వారు. "సరేలేప్పా, తీసుకుంటాం. ఈ ఉత్తరం మాత్రం ఈడ ఫైల్లో పెట్టాల" అన్నారు. నేను గతుక్కుమన్నాను. జిరాక్స్ తీయించుకోవచ్చు కదా అని మీరంటారు. వాళ్లూ అదే అన్నారు. కానీ జిరాక్సులో ఊదా రంగు సీలు నల్లగా పడుతుంది కదండీ! చెయ్యి చాచి ఉత్తరం వెనక్కి తీసుకుని, బొమ్మను చుట్టుకుని, ఇంటికొచ్చేశాను. పెద్దసారుతో వాళ్లు ఒప్పుకోలేదని అబద్ధం చెప్పాను. పాపం, ఆయన నాకంటే ఎక్కువ బాధపడ్డాడు.

ఇప్పుడు నాకు పెంచుకోవడానికి జుట్టు లేదు. తర్వాత నా బొమ్మలు రెండు మూడు ప్రదర్శనల్లో పెట్టారు, శాలువాలూ కప్పారు. ఆ మొదటి అవకాశాన్ని ఒక కాగితం కోసం వదులుకున్న తిక్క కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ఉత్తరం మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పుడడిగినా ఇవ్వను.