సలోమీ మేడమ్, నా డైరీలో వానలు

మొన్న నవంబరులో చలి మొదలైన మర్నాడు, గురుగ్రామ్ వెళ్లే మెట్రోలో ఒకావిడ వచ్చి నా పక్కన నిలబడింది. ఏడాదంతా పెట్టెలో ఉన్న స్వెటరు ఆ ఉదయమే తీసి తొడుక్కున్నట్టుంది, కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. నేను గబుక్కున నిటారుగా నిలబడి చేతిలోని ఫోను జేబులో పెట్టేసుకున్నాను. నాకు నలభై ఆరేళ్లు. నా కింద పదిహేనుమంది ఇంజనీర్లు పనిచేస్తారు. అయినా ఆ వాసన తగిలితే చాలు, హోమ్‌వర్కు చేశానా లేదా అని బెంగ పుడుతుంది. అది సలోమీ మేడమ్ వాసన. క్లాసులో ఏసీ పడదని ఆవిడ ఏప్రిల్ నెలలో కూడా బూడిదరంగు ఉన్నికోటు వేసుకునేవారు. మేడమ్ ఇంకా వరండాలో ఉండగానే ఆ వాసన ముందు లోపలికి వచ్చేది. అంతవరకూ కబుర్లు చెప్పుకుంటున్న మేము ఎక్కడివాళ్లం అక్కడ సర్దుకుని కూర్చునేవాళ్లం.

కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, గురుగ్రామ్‌లో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు కట్టే కంపెనీలో ప్లానింగ్ మేనేజరుగా చేస్తున్న రోజులవి. పని ఆలస్యమైనప్పుడల్లా, కట్టించుకుంటున్న వాళ్లకు గడువు పెంచమని ఉత్తరం రాయడం నా వంతు. నా ఉత్తరాలకు జవాబు వచ్చేది కాదు. ఎప్పుడైనా వస్తే, మీరేమడుగుతున్నారో అర్థం కాలేదని వచ్చేది. మా డైరెక్టరు విసిగిపోయి, ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం శని, ఆదివారాల్లో నిర్మాణ చట్టం మీద ఢిల్లీలో నడిచే మాస్టర్స్ కోర్సులో నన్ను చేర్పించారు. ముప్పై ఏడేళ్ల వయసులో మళ్లీ బెంచీ ఎక్కాను. క్లాసులో నలభై మందిమి. చాలామంది ఇంజనీర్లు, కొద్దిమంది లాయర్లు, అందరికీ పొట్టలు.

మొదటి క్లాసుకు ఎవరి ఆఫీసులో వాళ్లు రాసిన ఉత్తరం ఒకటి తెమ్మన్నారు మేడమ్. నేను గర్వంగా మూడు పేజీలది పట్టుకెళ్లాను. ఆవిడ దాన్ని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నాలుగు 'సవినయంగా'లు, రెండు 'దయచేసి'లు, ఒక 'తమకు తెలియనిది కాదు'. రావుగారూ, ఇది నోటీసా, పెళ్లి సంబంధం కోసం రాసిన ఉత్తరమా?"

క్లాసంతా గొల్లుమంది. "పని ఎందుకు ఆగిందో వాళ్లకు తెలుసు మేడమ్" అన్నాను.

"తెలిస్తే ఉత్తరం దేనికి? ఏం జరిగింది, ఏ రోజు జరిగింది, దానివల్ల ఏ పని ఆగింది, మీకు ఎన్ని రోజులు కావాలి. ఈ నాలుగూ ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించండి."

మూడు పేజీలూ వెతికాను. ఒక్కటీ లేదు.

క్లాసయ్యాక మెట్ల దగ్గర ఆవిడ నన్ను ఆపి తెలుగులో "ఏ ఊరు మీది?" అని అడిగారు. కాకినాడ అన్నాను. వాళ్లమ్మ తెనాలి నుంచి ఢిల్లీ ఆస్పత్రికి నర్సుగా వచ్చారట. మేడమ్ పుట్టి పెరిగిందంతా ఇక్కడే. తెలుగు మాత్రం తెనాలిదే, మధ్యమధ్య హిందీ తగిలేది. "అచ్ఛా, కాకినాడా! ఏమనుకోకు నాన్నా. ఉత్తరం చాలా బాగుంది. అమ్మాయి వాళ్లు తప్పక ఒప్పుకుంటారు" అని దిగి వెళ్లిపోయారు.

మా క్లాసులో తన్వర్‌గారని ప్రభుత్వ ఇంజనీరు ఒకాయన ఉండేవారు. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న మనిషి. కాంట్రాక్టర్లు గడువు అడిగితే కుదరదని రాయడంలో ఆయన ముప్పై ఏళ్లు గడిపారు. నేను అడగడంలో గడిపాను. అందుకని ప్రతి శనివారం మా ఇద్దరికీ పడేది. మేడమ్ కొన్నాళ్లు చూసి, ఒకరోజు మమ్మల్ని తారుమారు చేశారు. ఆయన కాంట్రాక్టరు, నేను ప్రభుత్వం. తన్వర్‌గారు ఐదు నిమిషాలు తెల్లకాగితం వంక చూసి, "మేడమ్‌జీ, నాకు అడగడం అలవాటు లేదు" అన్నారు. నాకు మాత్రం కాదనడంలో ఇంత సుఖం ఉందని అంతవరకూ తెలియదు. ఆయన రాసిన దరఖాస్తును మార్జిను సరిగా లేదని ఒకసారి, తేదీ మూలన వేశారని ఒకసారి తిప్పికొట్టాను. ఆయన మొహం ఎర్రబడింది.

"అరే భాయ్, వాన పడితే నేనేం చేస్తాను?"

"తన్వర్‌జీ, ఈ మాట మీతో ఇప్పటికి ఎంతమంది అని ఉంటారు?" అని మేడమ్ మెల్లగా అడిగారు.  ఆ మధ్యాహ్నం ఆయన, క్లాసుకు దగ్గర్లో ఉన్న కటవారియా సరాయ్‌లో మొదటిసారి నా పక్కన కూర్చుని పరోటా తిన్నారు.

రెండో సెమిస్టరులో ఉత్తుత్తి విచారణ పెట్టారు. కట్టడాల తగాదాలు చాలావరకు కోర్టుకు వెళ్లకుండా మధ్యవర్తి ముందు తేలుతాయి. అక్కడ సాక్షిని ఎలా ప్రశ్నిస్తారో చూపించడం మేడమ్ ఉద్దేశం. నేను ఏ రోజు ఏ పని జరిగిందో రాసే మా సైటు డైరీని పేర్లు కొట్టేసి తీసుకెళ్లాను. నేను సాక్షిని, ఆవిడ ఎదుటి పక్షం లాయరు.

"ఈ డైరీ మీరే రాశారా?"

"అవును మేడమ్."

"ఏ రోజుది ఆ రోజే?"

"ఏ రోజుది ఆ రోజే."

"జూలై పద్నాలుగున ఏం జరిగింది?"

"భారీ వర్షం. పనులన్నీ ఆగిపోయాయి."

"దాని కింది వరుస కూడా చదవండి."

చదివాను. 'ఆరో అంతస్తు స్లాబుకు రెండు పూటలా నీళ్లు కొట్టించాం.' కొత్తగా పోసిన స్లాబు ఎండిపోయి పగలకుండా నీళ్లు కొడతారని తెలిసిన ఇంజనీర్లంతా ఒక్కసారి తలలెత్తారు.

"భారీ వర్షంలో నీళ్లు కొట్టించారా?"

"ఆ వర్షం పక్క టవరు మీద పడింది మేడమ్."

"అచ్ఛా. మీ టవరు రాగానే గొడుగు ముడిచి అటు తిరిగిందా?"

తన్వర్‌గారు నవ్వాపుకోలేక రుమాలు నోట్లో కుక్కుకున్నారు. నవ్వులన్నీ ఆగాక మేడమ్, "ఎప్పుడు రాశారు రావుగారూ?" అని అడిగారు.

"నెలాఖరున మేడమ్. ఒక్కసారే కూర్చుని."

"ఏయే రోజు వాన పడిందో గుర్తుందా?"

"లేదు."

"ఇదీ మీరు చెప్పిన మొదటి నిజం" అని యాభైకి ఐదు మార్కులు వేశారు. ఆ ఐదూ ఆ 'లేదు'కే.

మరుసటి ఏడు ఆ బిల్డింగు తగాదా నిజంగానే మధ్యవర్తి ముందుకు వెళ్లింది. అదే డైరీ. సాక్షివి నువ్వేనన్నారు మా డైరెక్టరు. అది నెలాఖరున రాసిందని చెప్పాను. "ఎవరికి తెలుసు?" అన్నారాయన. నలభై మందికి తెలుసని చెప్పలేకపోయాను.

ఆ ఆదివారం మయూర్ విహార్‌లో మేడమ్ ఇంటికి వెళ్లాను. అప్పుడే చర్చి నుంచి వచ్చి గోంగూర నూరుతున్నారు. ఉన్నికోటు లేకుండా ఆవిణ్ణి చూడటం అదే మొదలు. ఏం చెయ్యమంటారని అడిగితే, "నేను నీ లాయర్ని కాదు. ముందు తిను" అని పళ్లెం పెట్టారు. తినడం అయ్యాక అడిగారు.

"నువ్వు అబద్ధం బాగా చెప్పగలవా?"

"చెప్పలేను మేడమ్."

"ఠీక్ హై. నేనూ చూశాగా. నీకు ఆ విద్య రాదు నాన్నా. రాని పనికి ఎందుకెళ్తావు?"

సోమవారం డైరెక్టరుతో, అడిగితే ఉన్నదే చెబుతానన్నాను. మూడు నెలలు ఆయన నాతో మాట్లాడలేదు. రావలసిన ప్రమోషన్ ఆ ఏడు రాలేదు. ఇంటిదగ్గర మా ఆవిడకు ఏం చెప్పాలో తెలియక, వస్తుందిలే అంటూ ఆ ఏడంతా గడిపాను. మా లాయరు మాత్రం డైరీని పక్కన పెట్టి, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు రోజూ రాసిన లారీల రిజిస్టరు వెతికి తీయించాడు. వానకు లారీలు రాక పని ఆగిన రోజులు అందులో తేదీలతో సహా ఉన్నాయి. విచారణ రోజున ఎదుటి లాయరు నాలుగు పేజీల ప్రశ్నలతో వచ్చాడు.

"ఈ డైరీ ఏ రోజుది ఆ రోజే రాశారా?"

"లేదు సార్. నెలాఖరున కూర్చుని రాశాను. వాన పడిన తేదీలు నాకు గుర్తులేవు."

ఆయన మొదటి పేజీ తిప్పాడు. రెండోది తిప్పాడు. నాలుగూ తిప్పి, మంచినీళ్లు అడిగాడు. మేము నలభై రోజులు అడిగితే, మధ్యవర్తి రిజిస్టరులో రుజువున్న ఇరవై రెండు రోజులు ఇచ్చారు. "ఇవైనా వస్తాయనుకోలేదు" అన్నారు మా డైరెక్టరు. మూడు నెలల తర్వాత నాతో ఆయన ఆడిన మొదటి మాట అది.

ధైర్యం చేశావని ఆఫీసులో కొందరన్నారు. ధైర్యం కాదు. నలభై మంది ముందు అప్పటికే ఒకసారి నవ్వులపాలయ్యాను. ఆ మధ్యాహ్నం మామూలుగానే ఆకలేసింది, అన్నం సయించింది. పరువు పోయినా మనిషి బతుకుతాడని మేడమ్ నాకు నలభై ఐదు మార్కుల ఖరీదుకు నేర్పారు. ఫోను చేసి థాంక్స్ చెబితే, "అబద్ధం చెప్పనందుకు థాంక్స్ ఏమిటి? థీసిస్ ఎప్పుడిస్తావు?" అన్నారు.

రెండేళ్ల కిందట చలికాలంలో ఆవిడ పోయారు. చర్చిలో జ్ఞాపకార్థ కూటానికి పాత విద్యార్థులం చాలామందిమి వెళ్లాం. ఒక్కొక్కరూ లేచి మేడమ్ తమనెలా చీల్చి చెండాడారో చెప్పడం మొదలుపెట్టారు. తన్వర్‌గారు తనకే అందరికంటే ఎక్కువ చీవాట్లు పడ్డాయని వాదనకు దిగారు. మేడమ్ చెల్లెలు, వాళ్లమ్మలాగే నర్సుగా చేసి రిటైరైనావిడ, నా పక్కకు జరిగి తెలుగులో, "మిమ్మల్ని కూడానా బాబూ? మమ్మల్నే తిడుతుందనుకున్నాం" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

ఇప్పుడు నా సైటులో రోజూ సాయంత్రం ఐదున్నరకు అందరం కూర్చుని డైరీలో ఆ రోజు పేజీ ఆ రోజే రాస్తాం. పేజీలో మొదటి వరుస మేము ఆ రోజు చేసిన తప్పుకు కేటాయించాను. కొత్తగా చేరిన ఇంజనీర్లు కంగారుపడి, తప్పేమీ జరగని రోజు ఏం రాయాలి సార్ అని అడుగుతారు. ఆ రోజు ఖాళీగా వదిలేయమంటాను. ఇంతవరకూ ఒక్కరోజూ వదలాల్సిన అవసరం రాలేదు.