కొయ్య ప్రోటీన్‌కు మొలిచిన తోక

ఆత్మకూరులో మా కాలేజీ సైన్స్ ప్రదర్శనలో పెట్టిన కొయ్య ప్రోటీన్ బొమ్మకు అంత పొడవు తోక ఎందుకని ఇప్పటికీ అడుగుతుంటారు. ఉదయగిరిలో చెక్కినామె అందం కోసం తగిలించిందని అప్పట్లో చెప్పాను. అది అబద్ధం. ఆ తోక నాది.

నేను జంతుశాస్త్రం చెబుతాను. ప్రోటీన్ల వివరాలు భద్రపరిచే ఆన్‌లైన్ డేటాబేస్‌ల గురించి ఒక శిక్షణలో కాస్త నేర్చుకొని వచ్చి, వాటిని తయారుచేసినవాళ్లలో నేనూ ఒకణ్ణన్నట్టు తిరిగాను. సోమశిల కొర్రమీను అందరూ తినే చేపే కదా అని, దాని కండరంలోని ఒక ప్రోటీన్‌ను వెతికాను. అందులోని అమైనో ఆమ్లాలను సూచించే అక్షరాల వరుస దొరికింది. ఆ వరుసను బట్టి అది ఎలా ముడుచుకుంటుందో కంప్యూటర్ ఊహించి గీసిన బొమ్మా దొరికింది. మధ్యలో నీలం రంగు ముద్ద, దాన్నుంచి వేలాడే పొడవాటి నారింజ రంగు తీగ. ఏ రంగుకు ఏం అర్థమో పక్కనే రాసి ఉంది. ముందు సూచనలు చదవమని పిల్లలకు రోజూ చెప్పేవాణ్ణి కాబట్టి నేను చదవలేదు.

కలర్ ప్రింటు దండగనిపించి జిరాక్సు షాపులో నలుపు తెలుపులో తీయించాను. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే ఒకామెకు ఇచ్చాను. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఏంది సార్ ఇది, పేగులా?"

"ప్రోటీనమ్మా."

"ఈ తోక మరీ సన్నంగా ఉండాది. ఇరిగిపోతాది. కురచగా చేసేదా?"

"వద్దు. అసలు పనంతా చేసేది అదే," అన్నాను. అలాగని నాకెవరు చెప్పారో తెలియదు.

ముద్ద కంటే తోకకే ఆమె ఎక్కువ కష్టపడింది. విరిగిన ప్రతిసారీ మళ్లీ మొదలుపెట్టింది.

ప్రదర్శనకు వచ్చిన ఇంకో కాలేజీ ప్రిన్సిపాల్ దాన్ని చూసి, తమ ల్యాబుకూ ఇలాంటివి చేయించుకుంటామన్నాడు. గిరాకీ తెచ్చానని అక్కడినుంచే ఆమెకు ఫోన్ చేసి గొప్పలు పోయాను. ఇంతలో న్యాయనిర్ణేతగా వచ్చిన మేడమ్ తన ఫోన్లో అదే బొమ్మ తెరిచింది.

"నారింజ రంగంటే, ఇక్కడ ఆకారం తనకు సరిగా తెలియదని కంప్యూటర్ చెప్పడం సార్. తెలియనిదాన్ని ఇంత శ్రద్ధగా చెక్కించారేం?"

"చెక్కినామె అందం కోసం పెట్టింది మేడమ్."

పక్కనే ఉన్న ప్రిన్సిపాల్, చెప్పింది చెప్పినట్టు చేయనివాళ్లతో సైన్సు బొమ్మలు కష్టమని తప్పుకున్నాడు.

కొన్నాళ్లకు చెక్కినామె ఫోన్ చేసింది. "ఆ సార్ ఇంకా పిలవలా. కొయ్య తెచ్చిపెట్టుకొని ఉండాను."

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు. "ఆర్డర్ ఆమెకే ఇస్తాను. బొమ్మ మాత్రం మీరు పంపొద్దు," అన్నాడు.

తర్వాత ఉదయగిరి వెళ్లి ఆమెకూ చెప్పాను.

"తోక నేను పెట్టినానని చెప్పినారా? కురచ చేస్తానన్నది నేనే కదా సార్."

తిరిగొచ్చి, చూసేవాళ్లకు సంగతి తెలియాలని, తోక మొత్తానికి నారింజ రంగు పూశాను. కొత్త బొమ్మలు ఆ కాలేజీలో ఇచ్చి వెళ్తూ ఆమె మా ల్యాబులోకి తొంగిచూసింది.

"నున్నగా చెక్కిన కొయ్యకు ఈ పూత ఎవరు పూసినారు?"

"నేనే."

"ఇదన్నా నా మీద చెప్పబాకండి," అని వెళ్లిపోయింది.