నీలం తలుపు ఏ వైపు

అంకుల్ పోయారని నాకు తెలిసింది ఓక్ ట్రీ రోడ్డులో, కూరగాయల షాపు బిల్లింగ్ లైన్లో. శనివారం ఉదయం మా తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. మన సంఘ పెద్ద ప్రభువునందు నిద్రించారు అని. రెండుసార్లు చదివాను. వెనకాల ఎవరో "లైన్ మూవ్ అవుతోందండీ" అన్నారు. బుట్ట అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను. ఎందుకు వచ్చానో తెలీదు, కారు ఏ వరసలో పెట్టానో గుర్తు లేదు. పార్కింగ్‌లో కాసేపు ఊరికే తిరిగాను.

మధ్యాహ్నం ఆంటీ ఫోన్ చేశారు. ఏడవలేదు. "రేపు ఆరాధనలో ఆయన గురించి నువ్వు మాట్లాడాలమ్మా. ఆ ఫ్రాన్స్ హోటళ్ళ సంగతి చెప్పు. ఆయన చెప్పిన చోట కూర్చుని తినొచ్చింది నువ్వూ మీ ఆయనే కదా" అన్నారు. సరేనన్నాను. ఆ హోటళ్ళ గురించి నాకు తెలిసింది ఆంటీకి తెలీదు. అసలు నాకు తెలిసిందని కూడా గట్టిగా అనలేను.

ఆయన నాకు చుట్టం కాదు. ఎడిసన్‌లో మా పక్కింటాయన. కాకినాడ మనిషి. కుర్రతనంలో ఓడ ఎక్కి, ఫ్రాన్స్ దక్షిణాన మార్సెయ్ అనే రేవు పట్నంలో దిగి, రెండేళ్ళు అక్కడే ఉండిపోయారు. తర్వాత పెళ్ళి చేసుకుని, నర్సుగా వచ్చిన ఆంటీ వెంట ఇక్కడికి చేరి, ఏదో గోడౌన్‌లో పనిచేసి రిటైరయ్యారు. గోడౌన్ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. మా అందరి లెక్కలో ఆయన మార్సెయ్‌లో పెద్ద పెద్ద ఫైన్ డైనింగ్ రెస్టారెంట్లలో తిన్న మనిషి.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బేస్‌మెంట్‌లో భోజనాలు ఉంటాయి. వడ్డన అంకుల్‌ది. భుజాన ఒక తడిగుడ్డ వేసుకుని, ప్రతి ప్లాస్టిక్ ప్లేటు అంచూ తుడిచి గానీ చేతికిచ్చేవారు కాదు. వెనక లైను మెట్లదాకా పాకేది. "అంకుల్, ఇట్స్ జస్ట్ ప్లాస్టిక్" అనేవాళ్ళు పిల్లలు. "నీకు ప్లాస్టికేరా, పులుసుకి కాదు" అనేవారు. అంచు మీద మరకుంటే ఆకలి సగం చస్తుందని ఆయన నమ్మకం. అందరూ తిన్నాక చెత్తబుట్ట పక్కన నిలబడి, పడేసే ప్లేట్లన్నీ చూసేవారు. "తిరిగొచ్చిన ప్లేటు అబద్ధం చెప్పదమ్మా" అనేవారు నాతో. పాస్టర్‌గారు వంకాయ వదిలేస్తారన్న రహస్యం మా సంఘంలో ఆయనొక్కరికే తెలుసు. ఇదంతా తెల్లగుడ్డ పరిచిన టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళ మర్యాద కాబోలు అనుకున్నాం. మాలో అలాంటి చోట కూర్చున్నవాళ్ళెవరున్నారు గనక, కాదనడానికి.

రెండేళ్ళ క్రితం, మా పెళ్ళయి పదేళ్ళయిన సందర్భంగా నేనూ మా ఆయనా మార్సెయ్ వెళ్దామనుకున్నాం. అంకుల్‌కి చెప్పగానే కాగితం తీసుకుని మా ఇంటికి వచ్చేశారు. మూడు రెస్టారెంట్లు రాశారు. ఒకటి పాత రేవు పక్కన, ఒకటి సముద్రం మీద రాళ్ళ అంచున, ఒకటి పెద్ద చర్చి వెనక ఎత్తు వీధిలో. మూడోదానికి గుర్తు నీలం తలుపు. మొదటిది ఎప్పుడో మూతపడిందని మా ఆయన ఫోన్‌లో చూసి చెబితే, అంకుల్ దాని మీద గీత కొట్టేశారు.

తర్వాత మాకు పాఠం మొదలెట్టారు. "ముందు చేపని పళ్ళెంలో పెట్టి చూపించి పట్టుకెళ్ళిపోతారు. కంగారుపడొద్దు, మళ్ళీ తెస్తారు. పులుసు వేరే వస్తుంది, ముక్కలు వేరే వస్తాయి. పచ్చడిలాంటి ఎర్ర ముద్ద ఒకటిస్తారు, అది రొట్టెకి రాసుకోవాలి. అందులో వెల్లుల్లి ఘాటు సరిపోయిందో లేదో చూసి నాకు చెప్పాలి. ప్రార్థన మాత్రం మొదట్లో ఒక్కసారే చేసేయండి. ప్లేటు ప్లేటుకీ చేశారంటే సాస్ చల్లారిపోద్ది."

మా ఆయన వాళ్ళ ఊరి పాస్టర్ కొడుకు. ఆ ఎత్తు వీధి రెస్టారెంట్లో మధ్యాహ్న భోజనానికి తొమ్మిది ప్లేట్లు వస్తే తొమ్మిదిసార్లూ కళ్ళు మూసుకున్నారు. సాస్ జగ్గు పట్టుకుని వడ్డించేవాడు కదలకుండా నిలబడ్డాడు. మా ఆయన మా అత్తగారి మోకాలి నొప్పి దాకా ప్రార్థించి కళ్ళు తెరిచేసరికి నేను సిగ్గుతో చచ్చాను. కానీ అంకుల్ చెప్పింది చెప్పినట్టే జరిగింది. చేపని చూపించారు, పట్టుకెళ్ళారు, మళ్ళీ తెచ్చారు. ఎర్ర ముద్దలో వెల్లుల్లి ముక్కు అదిరేలా ఉంది. ఒక్కటే తేడా. తలుపు నీలం కాదు, అద్దం తలుపు.

రంగు మార్చి ఉంటారులే అనుకుని బయటికి వచ్చాం. బస్సు కోసం తిరగాల్సిన మలుపు కాకుండా ఇంకోటి తిరిగి, ఆ రెస్టారెంటు వెనక సందులో తేలాం. అక్కడుంది నీలం తలుపు. పెచ్చులూడిన రంగు, పక్కన చెత్త డబ్బాలు. తలుపు తెరిచే ఉంది. లోపల ప్లేట్ల చప్పుడు, ఆవిరి. మెట్టు మీద ఏప్రాన్ కట్టుకున్న మనిషొకడు బకెట్ ముందేసుకుని ఏదో ఒలుస్తున్నాడు. తలెత్తి మమ్మల్ని చూసి మళ్ళీ పనిలో పడ్డాడు.

"అంకుల్ చెప్పింది ఇదేనా?" అన్నాను.

"వేరే ఏదైనా అయ్యుండొచ్చు. ఊళ్ళో నీలం తలుపులకి కరువా" అన్నారు మా ఆయన. ఆ మాట ఆయనా నమ్మలేదు.

తిరిగొచ్చాక అంకుల్‌కి ఆ ఊరి సబ్బు ఇచ్చాను. వాసన చూశారు. "నీలం తలుపు కనపడిందా?" అన్నారు.

"కనపడింది అంకుల్."

"తెరిచుందా?"

"తెరిచే ఉంది. మెట్టు మీద ఒకాయన ఏదో ఒలుస్తున్నాడు."

సబ్బుని చేతిలో అటూ ఇటూ తిప్పారు. "ఏం ఒలుస్తున్నాడు?"

"చూడలేదు అంకుల్."

"చూడాల్సింది" అన్నారు. అంతే. వెల్లుల్లి ఘాటు గురించి కూడా అడగలేదు.

తను ఆ వెనక తలుపులోంచే పనికి వెళ్ళేవారని నాకు తెలిసిపోయిందని ఆయనకు అర్థమైందా? లేక తెలియాలనే ఆ తలుపు గుర్తు చెప్పారా? తర్వాత రెండేళ్ళపాటు కంచె దగ్గర రోజూ కనపడుతూనే ఉన్నారు, అడగలేకపోయాను. అసలు ఆయన తిన్నానని ఎప్పుడైనా అన్నారా? అన్నట్టే నాకు గుర్తు. ఎప్పుడూ అనలేదు, మనమే అనుకున్నాం అంటారు మా ఆయన. ఈ విషయం మీద శనివారం మేమిద్దరం గట్టిగానే పోట్లాడుకున్నాం.

ఆదివారం లేచి నిలబడ్డాను. ముందు వరసలో తెల్లచీరలో ఆంటీ. ఆవిడకి ఒక మాట అలవాటు. "తెల్లగుడ్డ మీద తిన్న మనిషి నా చేపల పులుసుకి ఏనాడూ వంక పెట్టలేదు" అని. ఆ మాట మీద ఆవిడ నలభై ఏళ్ళు మురిసిపోయారు. దాన్ని నేనెలా లాక్కుంటాను? ప్లేట్ల అంచుల గురించి చెప్పాను, చేపను చూపించి పట్టుకెళ్ళడం చెప్పాను, నవ్వారు. "ఆయన చెప్పిన నీలం తలుపు నిజంగానే ఉంది. మేం చూశాం" అని కూర్చున్నాను. నిజమే చెప్పాను. దొంగతనం చేసినట్టుంది.

గురువారానికి ఇక మనసు ఆగలేదు. వాళ్ళింటికి వెళ్ళి సందు, చెత్త డబ్బాలు, మెట్టు, బకెట్, ఆయన అడిగిన ప్రశ్న, అన్నీ చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆంటీ లేచి, ఫ్రిజ్‌లోంచి ఒక స్టీల్ డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టి మూత తీశారు. నిండా ఒలిచిన వెల్లుల్లి రేకలు.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్నొక్క రేక ఒలవనివ్వలేదమ్మా. డ్యూటీ నుంచి వచ్చేసరికి డబ్బా నిండుండేది. ఇంత నున్నగా ఒలవడం ఎక్కడ నేర్చుకున్నారని నేనెప్పుడూ అడగలేదు." కొంచెం ఆగి అన్నారు. "ఆరాధనలో చెప్పనిది కూడా కలిపి ఇదంతా నువ్వు రాయి. దాచద్దు. ఇవి ఆయన పోయేముందు, శుక్రవారం సాయంత్రం ఒలిచినవి. వండెయ్యనా, ఉంచనా? నాకేం తోచట్లేదు."

మూత పెట్టాలని ఇద్దరికీ అనిపించలేదు. వంటిల్లంతా ఆ వాసనే. ఒక రేక తీసి వెలుతురులో పట్టుకుని చూశాను, తర్వాత ఇంకొకటి. దేని మీదా గోటి గాటు లేదు.